సంప్ ఖాళీ చేశాక కూడా ఫిల్టర్ విప్పితే ఆయిల్ ఎందుకు కారుతుంది? ఒలకకుండా విప్పడం ఎలా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఇంజిన్ ఆయిల్ మార్చడానికి డ్రెయిన్ బోల్టు విప్పి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన సంప్‌లో ఆయిల్ మొత్తం దించారు, ధార చుక్కలుగా మారేదాకా ఓపిగ్గా ఆగారు. అయినా ఫిల్టర్ విప్పేసరికి గ్లాసెడు ఆయిల్ ఒక్కసారిగా దూకింది. మోచేతి దాకా కారింది, కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్ (చట్రపు ఇనుప దూలం) మీద నిలిచింది, సైలెన్సర్ పైపు మీద పడి రెండు రోజులు పొగ, వాసన. మీ బండిలో ఫిల్టర్ ఇంజిన్ పక్కన అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇది నా చేతకానితనమా, బండి తయారీయే అంతా అని అడిగారు.

మీ చేతిలో తప్పు లేదండీ. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ తడబడేది ఇక్కడే. సంప్ ఖాళీ అయితే ఫిల్టర్ కూడా ఖాళీ అయిపోయి ఉంటుందని అనుకుంటాం. అవ్వదు. అవ్వకూడదు కూడా.

పాత ఫిల్టర్ ఒకటి చేతిలోకి తీసుకుని నోటివైపు చూడండి. మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ వరసగా చిన్న రంధ్రాలు. ఆ చిన్న రంధ్రాల్లోంచి చూస్తే వెనక ఒక పల్చటి రబ్బరు పొర కనబడుతుంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి ఒంగుతుంది. పంపు తోసే ఆయిల్ ఆ పొరని వంచుకుని లోపలికి వెళ్తుంది. ఇంజిన్ ఆగగానే పొర మళ్లీ మూసుకుని లోపలున్న ఆయిల్‌ని వెనక్కి పోనివ్వదు. అదే లేకపోతే రాత్రంతా ఫిల్టర్ ఖాళీ అయిపోయి, పొద్దున స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఫిల్టర్ నిండి పైకి ఆయిల్ అందేదాకా బేరింగులూ క్యామ్ షాఫ్టూ కొన్ని క్షణాలు సరైన ఆయిల్ లేకుండా తిరగాల్సి వస్తుంది. కాబట్టి మీ మీద పడిన ఆయిల్, ఆ ఫిల్టర్ తన పని తాను సరిగ్గా చేసిందనడానికి గుర్తు. కారు ఫిల్టర్లలో సైజుని బట్టి సుమారు 200 మిల్లీలీటర్ల నుంచి 500 దాకా ఇలా నిలిచి ఉంటుంది. దానికి తోడు ఫిల్టర్ కంటే ఎత్తున, ఇంజిన్ లోపలి దారుల్లో ఆగిన ఆయిల్ కొంత. ఫిల్టర్ నోటి అంచున ఇంజిన్‌కి ఆనుకుని ఉండే రబ్బరు రింగు వదులవగానే ఇదంతా ఒకేసారి బయటికి దారి వెతుక్కుంటుంది.

ఆ ఆయిల్ ఎలాగూ రావాల్సిందే. ఎటు రావాలో, ఎంత నెమ్మదిగా రావాలో మనం ముందే నిర్ణయించాలి. మిగతా చిట్కాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

ముందు వేడి సంగతి. ఇంజిన్ బాగా కాగి ఉన్నప్పుడు ఆయిల్ నీళ్లలా పల్చగా ఉంటుంది, చెయ్యి కాలుతుంది, చిందేది ఎక్కువ. మరీ చల్లగా ఉంటే చిక్కగా ఉండి ఫిల్టర్‌లోంచి దిగడానికి చాలాసేపు పడుతుంది. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపండి, పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేయండి. ఫిల్టర్ డబ్బా మీద అరచెయ్యి ఆన్చి ఉంచగలిగితే అది సరైన వేడి. ఆ ఆగే సమయంలో పైనున్న ఆయిల్ కూడా చాలావరకు సంప్‌లోకి దిగుతుంది, అంటే ఫిల్టర్ దగ్గర పడేది ఆ మేరకి తగ్గుతుంది.

బండిని జాకీ మీద లేపి ఉంచి కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి చేత్తో గట్టిగా ఊపి చూశాకే దూరండి. ఆయిల్ సంగతి దాని తర్వాతే.

డ్రెయిన్ బోల్టు దగ్గర ఎక్కువ చెప్పను. చివరి మరలు విప్పేటప్పుడు బోల్టుని లోపలికి నొక్కి పట్టుకుని తిప్పండి. మర పూర్తిగా వదిలిందని వేలికి తెలిశాక ఒక్క ఊపులో పక్కకి లాగేయండి. మొదటి ధార ఒత్తిడితో దూరంగా వంగి పడుతుంది, తగ్గేకొద్దీ బోల్టు రంధ్రం కిందకే వచ్చేస్తుంది. ఆయిల్ పట్టే పళ్లేన్ని దాని వెంటే జరుపుతూ ఉండాలి. ఆరుబయట చేస్తుంటే చివర్లో దారంలా వచ్చే ధారని గాలి పక్కకి కొట్టుకుపోతుంది, పళ్లేన్ని కింద ఇటుకలు పెట్టి ఎత్తితే ఆ బెడద ఉండదు. పైన ఆయిల్ పోసే మూత తీసి ఉంచితే గాలి లోపలికి వెళ్లి ధార గుటకలు వేయకుండా సాఫీగా వస్తుంది. ఆ మూతని డ్రైవరు సీటు మీదే పెట్టండి, మళ్లీ బిగించడం మరిచిపోయి బండి తీయడం అప్పుడు కుదరదు.

పళ్లెం గురించి ఒక హెచ్చరిక. కొన్ని పళ్లేలు పైన లోతు తక్కువ గిన్నెలా, కింద డబ్బాలా ఉంటాయి, మధ్యలో ఒక బిరడా. ఆ బిరడా తీయడం మరిచిపోతే ఆయిల్ పైనే నిలిచి అంచులు దాటి పొర్లుతుంది. గాలి పోయే చిన్న మూత కూడా ఉంటే అదీ తెరవాలి. మీ ఇంజిన్‌లో నాలుగు లీటర్లు పడితే ఆరు లీటర్లు పట్టే పళ్లెం ఉండాలి. నిండా నిండిన పళ్లేన్ని బండి కిందనుంచి లాగేటప్పుడు ఒలికేది ఫిల్టర్ దగ్గర ఒలికేదానికంటే ఎక్కువ.

సంప్ ఖాళీ అయ్యాక డ్రెయిన్ బోల్టు కొత్త వాషర్‌తో బిగించేయండి. అప్పుడు పళ్లేన్ని నిశ్చింతగా ఫిల్టర్ కిందకి జరపొచ్చు. ఇక అసలు పని.

అడ్డంగా ఉన్న ఫిల్టర్ విషయంలో నా పద్ధతి ఇది. డబ్బా మొహం మీద సరిగ్గా కూర్చునే గిన్నె లాంటి రెంచ్ పెట్టి బిగువు వదిలేంతవరకే తిప్పుతాను. పావు చుట్టుకంటే ఎక్కువ కాదు. వెంటనే రెంచ్ తీసేసి చూస్తాను. రింగు అంచు కింద నల్లటి తడి గీత ఒకటి మెరుస్తుంది. అది బొట్టుగా ఉబ్బుతుంది, కానీ అక్కణ్నుంచి కింద పడదు. డబ్బా పొట్టని అంటిపెట్టుకుని పాకుతూ అన్నిటికంటే కింద ఉన్న చోటికి చేరి, అక్కడ వేలాడి, అప్పుడు జారుతుంది. ఆయిల్ నీళ్లలా ఊడిపడదండీ, దేన్ని తాకితే దాన్ని పట్టుకుని పాకుతుంది. మీ మోచేతి దాకా రావడానికి కారణం అదే, క్రాస్ మెంబర్ అడుగున ఎక్కడో మూడడుగుల దూరంలో చుక్క కనబడడానికీ అదే కారణం. పళ్లెం ఎంత పెద్దదైనా ఈ పాకుడుని పట్టుకోలేదు.

అందుకే ఆ బొట్టు పాకే దారిలో మనమే ఒక గాడి పెట్టాలి. లీటరు ఆయిల్ ప్లాస్టిక్ డబ్బాని నిలువునా సగానికి కోస్తే మంచి గాడి తయారవుతుంది. ఒక అంచుని ఫిల్టర్ నోటి కిందికి, ఇంజిన్ బ్లాకుకి ఆనేలా తోసి, రెండో చివర పళ్లెం మీదకి వాలేలా ఆపండి. పై అంచు లోహాన్ని గట్టిగా తాకుతూ ఉండాలి. వేలి మందం సందున్నా ఆయిల్ గాడి వెనక నుంచి దిగిపోతుంది. చోటు ఇరుకైతే వంటింట్లో వాడే అల్యూమినియం రేకు మూడు నాలుగు పొరలు మడిచి చేత్తో కావలసినట్టు వంచుకోండి. మీ బండిలో క్రాస్ మెంబర్ సరిగ్గా ఫిల్టర్ కిందే వస్తుంది కాబట్టి దాన్ని రేకుతో పూర్తిగా కప్పి, రెండు అంచులూ పైకి మడిచి, చివర పళ్లెంలోకి తొట్టిలా వంచండి. సైలెన్సర్ పైపు మీద కూడా ఒక రేకు చుట్టండి. పని అయ్యాక రేకుని లోపలికి ముడిచి తీసేస్తే కింద లోహం పొడిగానే ఉంటుంది.

గాడి కుదిరాక ఇంకో పావు చుట్టు వదులు చేసి చెయ్యి తీసేయండి. ఇప్పుడు ధార పెన్సిలంత లావున వస్తుంది. ఇక్కడే ఎవరికీ ఆగబుద్ధి కాదు, సగం విప్పాం కదా, లాగేద్దాం అనిపిస్తుంది. ఆగండి. పది నిమిషాలు. ఈ లోపు కొత్త ఫిల్టర్ రింగుకి ఆయిల్ రాసుకోండి, గుడ్డలు సర్దుకోండి. ధార చుక్కలైన తర్వాత చేత్తో నిదానంగా విప్పుతూ, చివరి మర వదిలే క్షణంలో నోరు పైకి తిప్పి నిలబెట్టి కిందికి దించండి. లోపల ఇంకా కొంత ఆయిల్ ఉంటుంది, పొర వెనక చిక్కుకున్నది. నోరు పైకి ఉన్నంతసేపూ అది ఎక్కడికీ పోదు.

చేతి సంగతి. పైకి చాచిన చెయ్యి ఆయిల్‌కి చక్కటి కాలువ. నైట్రైల్ గ్లవ్ వేసుకుని మణికట్టు దగ్గర అంచుని రెండు వేళ్ల వెడల్పున బయటికి మడవండి, కారిన ఆయిల్ ఆ మడతలో ఆగుతుంది. మణికట్టు చుట్టూ ఒక పాత గుడ్డ కట్టుకున్నా సరే. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. వాడేసిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు, కళ్లలో పడితే ఇంకా కష్టం.

సంచి పద్ధతి గురించి కూడా మీరు వినే ఉంటారు. ఫిల్టర్ చేత్తో తిరిగేంత వదులయ్యాక మందపాటి ప్లాస్టిక్ సంచిని దాని మీదుగా ఇంజిన్ దాకా తొడిగి, సంచి బయటినుంచే పట్టుకుని విప్పడం. ఫిల్టరూ ఆయిలూ రెండూ సంచిలోనే పడతాయి. నోరు పైకి ఉండి కిందికి వేలాడే ఫిల్టర్లకి ఇది చాలా బాగుంటుంది. అడ్డంగా ఉన్నవాటికి సంచి పై అంచు ఇంజిన్‌కి అతుక్కోదు, ఆ సందులోంచి కొంత బయటికే వస్తుంది. అందుకని మీకు గాడే మొదట, చివరి నిమిషంలో కావాలంటే సంచి. వేడి ఇంజిన్ మీద మాత్రం పల్చటి సంచి వద్దు, మెత్తబడి చేతిలోనే చిరుగుతుంది.

ఫిల్టర్‌కి ముందే మేకుతో రంధ్రం కొట్టి ఆయిల్ దించమని చాలామంది చెప్తారు. నేను సగం ఒప్పుకుంటాను. పద్ధతిగా చేస్తే పనిచేస్తుంది: కింది భాగంలో ఒక రంధ్రం ఆయిల్ పోవడానికి, పైన ఒక రంధ్రం గాలి రావడానికి. పై రంధ్రం లేకపోతే కింది నుంచి గుటకలుగా వచ్చి మధ్యలో ఆగిపోతుంది. కానీ ఈ పని ఫిల్టర్ బిగువు ఒకసారి వదిలిందని చూసుకున్నాకే చేయాలి. బిగుసుకుపోయిన డబ్బాకి రంధ్రం పెట్టి, తర్వాత రెంచ్ వేస్తే పల్చటి రేకు చిరిగి మెలికపడిపోతుంది. డబ్బా ముక్కలుగా ఊడొచ్చి, మర ఉన్న నోటివైపు రేకు మాత్రం ఇంజిన్‌కి అతుక్కుని ఉండిపోతుంది. అప్పుడు బండి కదలదు, ఉలి పెట్టి కొట్టి తీయాల్సి వస్తుంది. స్క్రూ డ్రైవర్‌ని అడ్డంగా దూర్చి తిప్పడం అంతకంటే ప్రమాదం, దయచేసి దాని జోలికి పోకండి. గట్టిగా పట్టేసిన ఫిల్టర్ చుట్టూ ముతక ఉప్పుకాగితం చుట్టి బెల్ట్ రెంచ్ వేస్తే జారకుండా పట్టు దొరుకుతుంది. రెంచ్‌ని డబ్బా మధ్యలో కాకుండా ఇంజిన్‌వైపు అంచుకి దగ్గరగా వేయండి, అక్కడ రేకు గట్టిగా ఉంటుంది.

రంధ్రం కొట్టడం నిజంగా అక్కరకొచ్చేది ఇంజిన్ పైన నోరు కిందికి బోర్లించి ఉండే ఫిల్టర్లకి. డబ్బా నెత్తిన ఒక రంధ్రం పెట్టి పావుగంట ఆగితే గాలి లోపలికి పోయి, ఆయిల్ కాగితం పొరల్లోంచి మధ్య గొట్టానికి చేరి ఇంజిన్‌లోకే దిగిపోతుంది. తర్వాత విప్పితే దాదాపు పొడిగా వస్తుంది.

కాగితం ఫిల్టర్ మాత్రమే మార్చి, ప్లాస్టిక్ లేదా అల్యూమినియం గిన్నె మూత మళ్లీ వాడుకునే ఇంజిన్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో మూత ఇంజిన్ పైభాగాన ఉంటే వరస మార్చండి: ముందు ఆ మూతని మూడు నాలుగు చుట్లు వదులు చేసి ఆపండి, ఆ తర్వాతే డ్రెయిన్ బోల్టు విప్పండి. చాలా ఇంజిన్లలో మూత కొంచెం లేవగానే గిన్నె అడుగున దారి తెరుచుకుని అందులోని ఆయిల్ సంప్‌లోకి వెళ్లిపోతుంది, అక్కణ్నుంచి మీ పళ్లెంలోకి. కిందివైపు గిన్నె ఉండే రకాల్లో, టొయోటా ఇంజిన్లు కొన్నిటిలో చూసే ఉంటారు, మూత మధ్యలో ఇంకో చిన్న బిరడా ఉంటుంది. దాన్ని తీసి, ఫిల్టర్ పెట్టెలో తరచుగా వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని అక్కడ నొక్కితే లోపలి వాల్వు తెరుచుకుని ఆయిల్ గొట్టంలోంచి నేరుగా పళ్లెంలో పడుతుంది. ఆ గొట్టాన్ని చెత్త అనుకుని పారేసేవాళ్లని చాలామందిని చూశాను. ఈ మూతలు బిగించేటప్పుడు బలం చూపకండి. చాలా మూతల మీద 25 న్యూటన్ మీటర్లు (ఎంత బలంగా బిగించాలో చెప్పే కొలత) అని అచ్చుపోసి ఉంటుంది, మీ దాని మీద ఎంతుందో చదివి అంతే బిగించండి. మూత చిట్లితే ఒలికేది గ్లాసెడు కాదు.

ఇప్పుడు చెప్పబోయేదే అన్నిటికంటే పెద్ద ఒలుకుడు. పని నేర్చుకున్న కొత్తలో, ఒక వర్క్‌షాపులో, నేను పాత ఫిల్టర్ తీసి కొత్తది బిగించాను. స్టార్ట్ చేసిన కొన్ని క్షణాల్లోనే బండి కింద నల్లటి మడుగు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఊడి ఇంజిన్ మొహానికే అతుక్కుని ఉండిపోయింది, దాని మీద కొత్త రింగు ఎక్కింది. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు, పంపు ఒత్తిడికి పైది పక్కకి జారిపోతుంది. ఆయిల్ ఒత్తిడి దీపం చూసి వెంటనే ఆపాను కాబట్టి ఇంజిన్ దక్కింది. రోడ్డు మీద జరిగి ఉంటే దక్కేది కాదు. ఆ రోజు నుంచి పాత ఫిల్టర్ తీయగానే మొదట చూసేది దాని మీద రింగు ఉందా లేదా అని. ఉన్నా సరే, ఇంజిన్ మొహాన్ని శుభ్రమైన గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ ఒకసారి తడుముతాను.

కొత్త ఫిల్టర్ నోరు పైకి ఉండేదైతే సగానికి పైగా కొత్త ఆయిల్ పోసి బిగించవచ్చు. మీది అడ్డంగా ఉంది కాబట్టి పోయొద్దు, పోసింది పోసినట్టు బయటికే వస్తుంది. రింగు ఇంజిన్‌కి తాకేదాకా చేత్తో తిప్పి, ఆ తర్వాత ముప్పావు చుట్టు. డబ్బా మీద వేరే కొలత అచ్చు వేసి ఉంటే అదే పాటించండి. రెంచ్‌తో బిగించకండి. ఈసారి విప్పేటప్పుడు మీరు పడ్డ కష్టంలో సగం పోయినసారి ఎవరో అతిగా బిగించినందువల్లే.

ఆయిల్ పోసి, మూత పెట్టి, స్టార్ట్ చేసి అర నిమిషం ఫిల్టర్ అంచునే చూడండి. పొడిగా ఉంటే ఆపి, పది నిమిషాలాగి డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూడండి. ఫిల్టర్ తన వాటా తాగేస్తుంది కాబట్టి మట్టం కొంచెం తగ్గి ఉంటుంది, ఆ మేరకే కలపండి.

ఇంత చేసినా కొన్ని చుక్కలు పడతాయి. నేల మీద ముందే పెద్ద అట్టపెట్టె విప్పి పరిచి ఉంచండి. గచ్చు మీద పడితే తుడవకుండా మొదట రంపపు పొట్టు గానీ పొడి మట్టి గానీ చల్లి పీల్చనివ్వండి, తుడిస్తే మరక వెడల్పవుతుంది తప్ప పోదు. రబ్బరు బుష్‌లు, బెల్టు, సెన్సర్ తీగల మీద పడ్డ ఆయిల్‌ని అప్పటికప్పుడే గుడ్డతో తీసేయండి, ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సైలెన్సర్ మీద పడితే అది పూర్తిగా చల్లారాకే బ్రేక్ క్లీనర్ కొట్టండి. వేడి పైపు మీద కొడితే మంట అంటుకుంటుంది, మాట వరసకి చెప్పడం లేదు. ఇంజిన్ కింద ప్లాస్టిక్ షీల్డు ఉంటే దాన్ని మళ్లీ బిగించే ముందు లోపలివైపు తుడవండి. అక్కడ నిలిచిన ఆయిల్ వారం తర్వాత చుక్కలుగా కారుతూ, లేని లీకు ఉన్నట్టు భయపెడుతుంది.

తీసేసిన ఫిల్టర్‌ని నోరు కిందికి పెట్టి రాత్రంతా, కనీసం 12 గంటలు, పళ్లెం మీద బోర్లించి ఉంచండి. నెత్తిన రంధ్రం పెట్టడానికి ఇప్పుడు ఏ అభ్యంతరమూ లేదు. దిగిన ఆయిల్‌ని మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఫిల్టర్‌తో సహా ఇవ్వండి. డ్రైనేజీలోనో మట్టిలోనో పోయకండి. బండి కింద పరిచిన అట్ట మాత్రం తెల్లారేదాకా తీయకండి. పొద్దున్నే దాని మీద కొత్త చుక్క ఫిల్టర్ కింద ఉంటే రింగు సంగతి చూడాలి, క్రాస్ మెంబర్ చివర ఉంటే అది నిన్న పాకిన ఆయిలే.